అంతర్వేది, దిండి చుట్టూ గ్రూపు టూర్లు: ఉపాధి అవుతుందా?

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర ఊరు. అంతర్వేది, దిండి వైపు గ్రూపులను తీసుకొచ్చి చూపించే పని పెట్టుకోవాలని ఉంది. నాన్నగారేమో హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా చేయొచ్చు. అయితే ముందు ఒక్కరోజు టూరు ఒకటే పట్టుకోండి. నరసాపురంలో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కించి గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటించడం, అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం, నది సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ల గట్టు, భోజనం, సాయంత్రం దిండిలో బోటు. చెప్పుకోవడానికి ఇంతే. ముప్పై మంది వస్తే, అందులో సగం మంది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే, అప్పుడు తెలుస్తుంది అసలు పని. ఆరోజు పంటు నడుస్తోందా? బస్సును చించినాడ వంతెన మీదుగా తిప్పి పంపాలా? మధ్యాహ్నం గుడి ఎప్పుడు మూస్తారు? ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ ఎక్కడుంది? ఇవన్నీ అక్కడ పుట్టి పెరిగిన మీకు తెలిసినంతగా బయటి ఏజెంట్లకు తెలియవు.

లెక్క దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బస్సు అద్దె 12 వేలు అనుకుందాం. ముప్పై మంది వస్తే తలకు 400. ఇరవై మందే వస్తే 600. భోజనం మనిషిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. బస్సు అద్దె తగ్గదు. కాబట్టి ఇరవై మంది వచ్చినా గిట్టుబాటయ్యేలా ధర పెట్టండి, అడ్వాన్సు ముందే తీసుకోండి. బీకాం చదివారు కదా, ఈ లెక్క వేసి నాన్నగారికి చూపించండి. ఆయన టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

నది విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన బోటు ప్రమాదం మనమెవరం మరిచిపోలేం. అనుమతి ఉన్న బోటే మాట్లాడుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోనివారిని ఎక్కించుకోకండి, ఎంత పెద్దమనిషైనా సరే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే టూరు రద్దు చేసి డబ్బులు వెనక్కి ఇచ్చేయండి.

కార్తీక మాసంలో పిక్నిక్‌లు, మాఘంలో అంతర్వేది స్వామివారి కల్యాణం, కనుమకు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉండనే ఉన్నాయి. మిగతా రోజుల్లో నరసాపురం లేసు అల్లే మహిళల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అయితే వాళ్లను ఊరికే కూర్చోబెట్టి ఫొటోలు తీయించడం పద్ధతి కాదు. వాళ్లు వెచ్చించే సమయానికీ టికెట్టులోనే డబ్బు లెక్కకట్టండి.

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది రాజమండ్రిలోనో విశాఖలోనో ట్రావెల్స్ ఆఫీసులో పనిచేయండి. సెలవుల్లో మీ టూరు నడుపుకోవచ్చు. పై చదువు కావాలంటే నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఐఐటీటీఎం అనే సంస్థలో టూరిజం ఎంబీఏ ఉంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కదా అని అప్పుచేసి బస్సు మాత్రం కొనకండి. అద్దె బస్సుతోనే నడపండి.