టెక్ సందేహాలు: ఎస్‌యూవీకి స్నోప్లౌ బిగించే ముందు

సందేహం: మాది మిడ్‌సైజ్ ఎస్‌యూవీ, ఆల్ వీల్ డ్రైవ్. రెండు టన్నుల ట్రైలర్‌ని కూడా లాగుతుంది. ఇంటి దారిలో మంచు తోసుకోవడానికి స్నోప్లౌ పెట్టించాలని ఉంది. బ్లేడు, ఫ్రేము కలిపి 150 కిలోలే. పెట్టించవచ్చా?

జవాబు: రెండు టన్నులు లాగే బండికి 150 కిలోలు ఒక లెక్కా అనిపించడం సహజమే. కానీ ట్రైలర్ బరువులో చాలావరకు దాని చక్రాలే మోస్తాయి. స్నోప్లౌ అలా కాదు. బ్లేడు పైకి లేపిన క్షణం నుంచి మొత్తం బరువు బండి ముక్కుకు వేలాడుతుంది. కాబట్టి చూడాల్సింది లాగే శక్తి కాదు, ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) ఎంత మోయగలదన్నది.

డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు వచ్చి ఆనుకునే స్తంభం మీద చూడండి. అక్కడ ఒక స్టిక్కర్ ఉంటుంది. చాలా బండ్లలో దాని మీద జీవీడబ్ల్యూఆర్, జీఏడబ్ల్యూఆర్ అని అంకెలు ఉంటాయి. మొదటిది మనుషులు, సామాన్లతో సహా బండి మొత్తం బరువుకు పరిమితి. రెండోది ఒక్కో యాక్సిల్‌కు పరిమితి. అందులో ముందు యాక్సిల్ అంకె రాసుకోండి. తర్వాత ట్యాంకు నింపి, ముందు సీట్లలో ఇద్దరు కూర్చుని, వేబ్రిడ్జి మీదికి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించండి. రెండు అంకెల తేడా ఎంతో అంతే మీకున్న మిగులు.

ఇప్పుడు అసలు లెక్క. మీ బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.8 మీటర్లు అనుకుందాం. ప్లౌ బరువు కేంద్రం ముందు యాక్సిల్‌కి 1.4 మీటర్ల అవతల ఉందనుకుందాం. 150ని 4.2తో గుణించి 2.8తో భాగిస్తే 225 వస్తుంది. అంటే 150 కిలోల ప్లౌ వల్ల ముందు యాక్సిల్ మీద పెరిగేది 225 కిలోలు! ఆ అదనపు 75 కిలోలు వెనక యాక్సిల్ నుంచి వచ్చినవే. కావడికి ఒక పక్క బరువెక్కితే రెండో పక్క లేచినట్టు, బండి వెనక భాగం అంత తేలికవుతుంది. మంచు మీద వెనక చక్రాలకు పట్టు తగ్గిపోతుంది. టేపుతో కొలిచినా తెలుస్తుంది. బ్లేడు నేల మీద ఉన్నప్పుడు వెనక చక్రం పైనున్న ఫెండర్ అంచు ఎంత ఎత్తులో ఉందో చూడండి, బ్లేడు లేపి మళ్లీ చూడండి.

గట్టి స్ప్రింగులు వేస్తే సరిపోతుందని మీకు చాలామంది చెబుతారు. నమ్మకండి. అవి ముక్కు దిగిపోకుండా నిలబెడతాయి, అంతవరకే. బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేకులు, టైర్లు పాతవే కాబట్టి స్టిక్కర్ మీది పరిమితి మారదు. వెనక బరువు పెట్టడం మాత్రం నిజంగా పనిచేస్తుంది. వెనక యాక్సిల్‌కి 0.7 మీటర్ల వెనకగా 100 కిలోల ఇసుక బస్తాలు పెడితే ముందు యాక్సిల్ మీద 25 కిలోలు తగ్గుతాయి. వాటిని కదలకుండా కట్టాలి. గట్టిగా బ్రేకు వేస్తే అవి వచ్చి సీట్లకే కొట్టుకుంటాయి. మొత్తం బరువు పరిమితినీ ఇంకోసారి చూసుకోండి.

బండి నిర్మాణం కూడా ముఖ్యమే. టొయోటా ఫోర్‌రన్నర్ లాంటి వాటిలో నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసిస్ మీద బాడీ కూర్చుంటుంది. హోండా పైలట్, టొయోటా హైలాండర్, 2011 మోడల్ నుంచి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ యూనీబాడీ బండ్లు. వీటికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ. మంచు కింద దాగిన పేవ్‌మెంట్ అంచుకు బ్లేడు తగిలితే ఆ దెబ్బ నేరుగా బాడీకే చేరుతుంది. ఓనర్స్ మాన్యువల్‌లో స్నోప్లౌ వద్దని రాసి ఉంటే అక్కడితో ఆపేయండి. మిగులు 225 కన్నా తక్కువున్నా ఈ ప్లౌ మీ బండికి వద్దు. దానికి బదులు స్నోబ్లోయర్ (మంచును పక్కకు చిమ్మే యంత్రం) కొనుక్కోండి, బండి పది కాలాలు ఉంటుంది.

ఒకవేళ అన్నీ కుదిరి పెట్టించుకుంటే, మంచు పడుతుండగానే కొంచెం కొంచెం తోసేయండి. 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు దారిలో 20 సెంటీమీటర్ల మంచు అంటే 12 ఘనపు మీటర్లు. పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు తూగిందనుకున్నా 1,200 కిలోలు. అదే తడిసి 300 కిలోలకు చేరితే 3,600 కిలోలు!

సందేహం: ప్లౌ బిగించాక పార్కింగ్ సెన్సర్ ఆపకుండా కూస్తోంది. ఒకసారి ముందు ఎవరూ లేకుండానే బండి బ్రేకు వేసింది. ఇంజిన్ వేడి కూడా పెరుగుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పోతుందా?

జవాబు: పోదు. పార్కింగ్ సెన్సర్లకూ, గ్రిల్ వెనకో బంపర్‌లోనో ఉన్న రాడార్‌కూ మీ బ్లేడు ఎదురుగా నిలబడి ఉంది. వాటి దృష్టిలో అది అడ్డమొచ్చిన వస్తువే. ప్లౌ ఉన్నంతకాలం అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తానే సర్దుకునే ఏర్పాటు) వాడకండి. ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ని సెట్టింగ్స్‌లో ఆపండి. చాలా బండ్లలో ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయగానే అది తిరిగి ఆన్ అవుతుంది కాబట్టి ఎక్కిన ప్రతిసారీ చూసుకోండి. ప్లౌ విప్పిన రోజు మర్చిపోకుండా ఆన్ చేయండి. ఫిట్టింగ్ కోసం బంపర్ విప్పి ఉంటే రాడార్ కాలిబ్రేషన్ (రాడార్ గురిని మళ్లీ సరిచేయడం) కూడా అడగండి.

వేడికీ బ్లేడే కారణం కావచ్చు. ఎత్తిన బ్లేడు రేడియేటర్‌కు గాలి అందకుండా చేస్తుంది. రోడ్డు మీద వెళ్లేటప్పుడు దాన్ని కాస్త దించి, ఒక పక్కకు తిప్పి నడిపి చూడండి. అయినా ముల్లు పైకే పోతుంటే ప్లౌ విప్పేసి మెకానిక్‌కి చూపించండి. మంచు తోసేటప్పుడు, బండి పూర్తిగా ఆగాకే ముందుకీ వెనక్కీ గేరు మార్చండి. లేకపోతే గేర్‌బాక్స్ కూడా వేడెక్కుతుంది.

సందేహం: బ్లేడు హెడ్‌లైట్లకు అడ్డొస్తోంది. ప్లౌ లైట్లకు హెడ్‌లైట్ వైరునే కోసి కలుపుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇప్పటి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లను చాలా బండ్లలో కంప్యూటరే నడుపుతుంది. మధ్యలో వేరే లోడ్ కలిపితే ఎర్రర్ చూపిస్తుంది, లేదా మాడ్యూలే పోతుంది. మీ మోడల్‌కు సరిపోయే అడాప్టర్ హార్నెస్ (వైరు కోయకుండా మధ్యలో తగిలించే కనెక్టర్ల వైర్ల కట్ట) వాడండి. బ్లేడు లేపే ప్లౌ మోటారుకు విడిగా, లావుపాటి వైరు బ్యాటరీ నుంచి లాగాలి. దాని ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఎందుకంటే వైరు ఎక్కడో రేకుకు రాసుకుని షార్టయితే, ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్యనున్న ముక్కకు రక్షణ ఉండదు.