ఒళ్లంతా సెంటు కొట్టినా చెమట కంపు పోదేం?
చర్మ సంరక్షణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. పని మీద రోజంతా బండి మీద తిరుగుతాను. స్నానం కాగానే మెడ నుంచి పొట్ట దాకా డియోడరెంట్ కొట్టుకుంటాను. పదకొండయ్యేసరికి చెమట, సెంటు కలిసిపోయి అదో రకం పులిసిన వాసన. ఇప్పుడు ‘హోల్ బాడీ డియోడరెంట్’ అంటూ క్రీములు అమ్ముతున్నారు. వాటితో పోతుందా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ చేతిలో ఉన్న డబ్బా వెనక్కి తిప్పి చదవండి. మన దగ్గర డియోడరెంట్ పేరుతో దొరికే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది ఆల్కహాల్, పరిమళం, వాటిని బయటికి తోసే బ్యూటేన్, ప్రొపేన్ లాంటి వాయువులు. ఆల్కహాల్ కాసేపు బ్యాక్టీరియాను అణచి, ఆవిరైపోతుంది. మిగిలేది సెంటు ఒక్కటే. దాని మీద చెమట పడితే వచ్చేదే మీరు చెప్పిన పులిసిన వాసన.

అసలు చెమటకు వాసన ఉండదు. ఒళ్లంతా ఉండే ఎక్రిన్ గ్రంథుల నుంచి వచ్చేది ఉప్పునీళ్లే. చంకలు, గజ్జలు, చనుమొనల చుట్టూ ఉండే అపోక్రైన్ గ్రంథులు వేరు. యుక్తవయసులో పని మొదలుపెట్టే ఈ గ్రంథుల చెమటలో కొవ్వులు, ప్రొటీన్లు ఉంటాయి. చర్మం మీది బ్యాక్టీరియా, ముఖ్యంగా కొరినేబ్యాక్టీరియా, వాటిని విరగ్గొట్టి ఘాటైన ఆమ్లాలను, గంధకం కలిసిన పదార్థాలను వదులుతాయి. కాబట్టి పొట్ట మీద, వీపు మీద కొట్టే స్ప్రే డబ్బు దండగ. ఇక పాదాల కంపుకు కారణం బూట్లలో చెమటకు నానిన చర్మాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టడం.

మీరు అడిగిన క్రీముల్లో సాధారణంగా చెమటను ఆపే అల్యూమినియం లవణాలు ఉండవు. మాండెలిక్, లాక్టిక్ లాంటి ఆమ్లాలు చర్మం ఆమ్లగుణాన్ని కాస్త పెంచి బ్యాక్టీరియాను మందగింపజేస్తాయి. కొన్నింటిలో జింకు లవణాలు, తడి పీల్చే పిండి పదార్థాలు ఉంటాయి. వాసన తగ్గుతుంది, చెమట మాత్రం ఆగదు. పేరులో ‘హోల్ బాడీ’ ఉంది కదా అని ఒళ్లంతా పూయక్కర్లేదు. చంకకు శనగగింజంత, గజ్జల మడతకు అంతకన్నా తక్కువ, కాలివేళ్ల మధ్య పలచగా రాస్తే సరిపోతుంది.

రాసే పద్ధతిలోనే చాలామంది పొరపాటు చేస్తారు. చంకల్లో సబ్బు నురగను ఒక నిమిషం ఉంచి, పూర్తిగా కడిగి, తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనివ్వండి. తడి మీద రాస్తే క్రీము చర్మానికి పట్టదు, చొక్కాకు పడుతుంది. నిన్నటి పూత మీదే ఇవాళ మళ్లీ పూయడం ఇంకో తప్పు.

చెమట కూడా తగ్గాలంటే కావాల్సింది యాంటీపర్‌స్పిరెంట్. అల్యూమినియం లవణాలు చెమటలో కరిగి, గ్రంథి నాళంలో జిగురులా గడ్డకట్టి దాన్ని తాత్కాలికంగా మూస్తాయి. దీన్ని రాత్రి పడుకునే ముందు పొడి చర్మానికి రాయాలి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి మందు కొట్టుకుపోకుండా లోపలికి దిగుతుంది, పొద్దున స్నానం చేసినా పోదు. మూడు నాలుగు రాత్రులు వరుసగా రాసి, గుణం కనిపించాక రోజు విడిచి రోజు చాలు. చంక వెంట్రుకలు గీసుకున్న రోజు మానండి, మండుతుంది. దీన్ని మాత్రం ఒళ్లంతా రాయకండి: ఎండాకాలంలో ఒంటిని చల్లబరిచేది ఆ చెమటే.

ఇంతా చేసినా కంపు తగ్గకపోతే 2.5 నుంచి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న వాష్‌ను వారానికి మూడుసార్లు చంకల్లో రాసి, రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి. తెల్ల తువ్వాలు వాడండి, రంగు బట్టలకు తగిలితే రంగు పోతుంది. చంక వెంట్రుకలను కత్తిరించుకున్నా తేడా తెలుస్తుంది.

అన్నట్టు, స్ప్రే డబ్బాను బండి డిక్కీలో పెట్టకండి. 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉందని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెల ఎండలో డిక్కీ అంత వేడెక్కడం ఏమంత కష్టం కాదు. గ్యాస్ పొయ్యి దగ్గర, పూజగదిలో దీపం దగ్గర స్ప్రే అసలు కొట్టకూడదు.

ప్రశ్న: మేడమ్, రొమ్ముల కింద, తొడల మధ్య ఒరుసుకుపోయి వాసన వస్తోంది. స్ప్రే కొడితే మంట, పౌడర్ వేస్తే ఉండలు కడుతోంది. ఏం వాడాలి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అక్కడ స్ప్రే వద్దు. ఒరుసుకున్న చర్మం మీద ఆల్కహాల్ పడితే మండక ఏం చేస్తుంది! ముందు అద్దంలో చూసుకోండి. ఎర్రబడి, అంచు కాస్త ఉబ్బి, దురద ఉంటే అది తామర కావచ్చు. దాన్ని డియోడరెంట్‌తో కప్పిపెట్టకూడదు. 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమును రోజుకు రెండుసార్లు రాయండి. మచ్చ మాయమయ్యాక కూడా ఇంకో రెండు వారాలు ఆపకండి. మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు మాత్రం తీసుకోవద్దు. వాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రెండు రోజుల్లో దురద ఆగి హాయిగా ఉంటుంది. తర్వాత తామర తొడంతా పాకుతుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. తామర మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి.

చర్మం మామూలుగానే ఉండి వాసన మాత్రమే ఉంటే, మడతల్ని బాగా ఆరబెట్టి, పరిమళం లేని, వంటసోడా కలపని క్రీము పలచగా రాయండి. అంతకుముందు అదే క్రీమును మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. దురదో ఎరుపో వస్తే అది మీకు పడదన్నమాట. పగలు రొమ్ముల కింద పాత నూలు చీర ముక్క మడిచి పెట్టుకుంటే చెమట పీలుస్తుంది, పౌడర్ కన్నా ఇదే నయం. ఏ క్రీమైనా పైచర్మానికే, జననాంగం లోపల ఏదీ పూయకూడదు. తెల్లబట్టతో పాటు నీచు వాసన ఉంటే గైనకాలజిస్టును కలవండి.

ప్రశ్న: పటిక, నిమ్మచెక్క, వంటసోడా – వీటిలో ఏది మంచిది?
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పటికే. తడిపి చంకల్లో నాలుగైదుసార్లు రుద్ది ఆరనివ్వండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, నల్లమచ్చలు వచ్చే ప్రమాదం ఉంది. వంటసోడా క్షారం, చర్మానిది ఆమ్లగుణం. కొద్దిరోజులకే చంకలు ఎర్రబడి పొక్కులు రావచ్చు.

ప్రశ్న: ఇక్కడ కొన్న స్టిక్ రాస్తే చొక్కా చంకలు పచ్చబడుతున్నాయి. ఇంకోటి, చలికోటుకు పట్టిన తాలింపు వాసన పోవడం లేదు. డియోడరెంట్ కొట్టినా ఆఫీసులో ఇబ్బందిగానే ఉంది.
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: అమెరికాలో యాంటీపర్‌స్పిరెంట్‌ను మందు కిందే లెక్కిస్తారు. వెనక ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ అనే పట్టీలో అల్యూమినియం లవణం ఎంత శాతమో ఉంటుంది. ఆ లవణం చెమటతో కలిసి గుడ్డకు పట్టడం వల్లే ఆ పసుపు. స్టిక్ రాయడం రాత్రికి మార్చుకోండి, పొద్దున రాస్తే పూర్తిగా ఆరాకే చొక్కా వేసుకోండి. క్లోరిన్ బ్లీచ్ పోస్తే మరక ఇంకా ముదురుతుంది. పాలిస్టర్ చొక్కాల్ని తిరగేసి గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ మానేయండి, దాని పూత కింద వాసన దాక్కుంటుంది.

కోటు సంగతికి వస్తే, అది ఒంటి వాసన కాదు కదా! పొయ్యి వెలిగించే ముందే కోట్లన్నీ అల్మారాలో పెట్టి తలుపు మూయండి, చిమ్నీ వేయండి, వంట బట్టలతో ఆఫీసుకు బయల్దేరకండి. పట్టిన వాసన పోవాలంటే కోటును ఉతకాలి, లేదా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి. వెల్లుల్లి వాసన ఊపిరిలోంచీ వస్తుంది కాబట్టి చంకకు ఏం రాసినా దాన్ని ఆపలేం.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. అప్పుడే చంకల్లో పెద్దవాళ్ల చెమట వాసన వస్తోంది. డియోడరెంట్ వాడొచ్చా?
– ఓ తల్లి, కర్నూలు

జవాబు: వాడే ముందు పిల్లల డాక్టరుకు చూపించండమ్మా. ఆడపిల్లల్లో ఎనిమిదేళ్లలోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్లలోపు ఇలాంటి వాసనో, చంకల్లో వెంట్రుకలో కనిపిస్తే హార్మోన్ల సంగతి తేల్చుకోవాలి. చాలాసార్లు భయపడాల్సిందేమీ ఉండదు. అయినా ఎత్తు ఎంత వేగంగా పెరుగుతోందో, ఎముకల వయసెంతో డాక్టరు చూస్తారు. ఈలోగా పూటకోసారి చంకలు మామూలు సబ్బుతో కడిగి, నూలు గౌను వేయండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తుంటే పరిమళం, అల్యూమినియం లేని క్రీము కొద్దిగా రాయొచ్చు.