రెండు సెన్సర్లు మార్చినా ఏబీఎస్ లైటు ఆరకపోతే ఎక్కడ వెతకాలి?

అన్నా, మీరు చెప్పింది ఇదీ: బండి 2016 మోడల్ పది టైర్ల లారీ, చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు రాయి తోలుతున్నారు. వెనక బ్రేకు లైనర్లు మార్పించిన దగ్గర్నుంచి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే సిస్టం) లైటు వెలుగుతూనే ఉంది. వెనక చక్రాల వేగం చూసే రెండు సెన్సర్లూ కొత్తవి వేసినా పోలేదు, ఇప్పుడు ఈసీయూ (ఏబీఎస్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె) మార్చాలంటున్నారు. ఈసీయూ జోలికి అప్పుడే పోవద్దు. లైనర్ల పని తర్వాత మొదలైన లైటుకు కారణం దాదాపు ఎప్పుడూ చక్రం దగ్గరే ఉంటుంది, సెన్సర్‌కూ దాని ఎదుట తిరిగే పళ్ళ రింగుకూ మధ్య గ్యాపులోనో, వైర్లు కలిసే కప్లర్‌లోనో. మల్టీమీటర్ ఒకటి చేతిలో ఉంటే పూటలో తేలిపోయే పని.

ముందు లైటు ఎలా వెలుగుతోందో చూడండి. తాళం తిప్పగానే వెలిగి సుమారు మూడు సెకన్లకు ఆరిపోతే సిస్టం బాగున్నట్టే. బండి కదిలి 6–7 కిలోమీటర్ల వేగం అందుకున్నాక ఆరితే, పాత ఫాల్టు మెమరీలో ఉంది కానీ ఇప్పుడు లేదని అర్థం. చాలామంది ఇక్కడే పొరపడతారు. సెన్సర్ ఫాల్టు పడ్డాక, దాన్ని బాగుచేసినా నిలబెట్టిన బండిలో లైటు ఆరదు. చక్రాలు తిరిగి, అన్ని సెన్సర్ల నుంచీ సిగ్నల్ వచ్చాకే ఈసీయూ ఒప్పుకుంటుంది. షెడ్డులో తాళం తిప్పి చూసి, పోలేదని ఇంకో సెన్సర్ కొంటే డబ్బు దండగ. కదిలాక కూడా వెలుగుతుంటే ఫాల్టు ఇప్పుడూ ఉన్నట్టు. మలుపుల్లోనో గుంతల్లోనో మాత్రమే వస్తుంటే లూజు వైరు, లేదంటే బేరింగు ప్లే (ఊగులాట).

స్కానర్ దొరక్కపోతే డ్యాష్‌బోర్డు కింద ఏబీఎస్ డయాగ్నోసిస్ బటన్ ఉందేమో వెతకండి. వాబ్కో కంపెనీ ఏబీఎస్ ఉన్న బళ్ళలో తాళం ఆన్‌లో పెట్టి దాన్ని ఒక సెకను నొక్కి వదిలితే లైటు మిణుకుతూ రెండంకెల కోడ్ చెబుతుంది. మొదటి అంకె 2 అయితే మాడ్యులేటర్ వాల్వు (బ్రేకు గాలిని అదుపు చేసేది), 3 అయితే సెన్సర్ గ్యాపు ఎక్కువ, 4 అయితే సెన్సర్ వైరు తెగడమో షార్టో, 5 అయితే సిగ్నల్ నిలకడగా లేకపోవడం, 6 అయితే పళ్ళ రింగు. రెండో అంకె ఏ చక్రమో చెబుతుంది, అది మాత్రం మీ బండి మాన్యువల్‌లో చూసి సరిపోల్చుకోండి. సమస్య కుడి వెనక చక్రానిదైతే ఎడమ సెన్సర్ మార్చి లాభం లేదు కదా.

ఇక కొలతలు. పది టైర్ల బండికి మామూలుగా నాలుగు సెన్సర్లే ఉంటాయి. ముందు రెండు, వెనక జంట యాక్సిళ్ళలో ఒకదానికి రెండు. జాకీ పెట్టే ముందు వైరు ఏ యాక్సిల్‌కు పోతోందో చూసుకోండి. సెన్సర్ కప్లర్ విప్పి, సెన్సర్ వైపు రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. మామూలు కాయిల్ సెన్సర్‌కు 900 నుంచి 2000 ఓమ్స్ మధ్య రావాలి. అసలేమీ చూపకపోతే లోపల తెగింది, బాగా తక్కువ చూపితే షార్టు. మీటరు అలాగే పెట్టి ఉంచి, సెన్సర్ వైరును పొడవునా మెల్లగా వంచండి. అంకె ఎగిరితే లోపం అక్కడే. తర్వాత ఒక్కో పిన్నుకూ చాసిస్‌కూ మధ్య చూడండి, అక్కడ ఏమీ రాకూడదు. నాలుగు చక్రాల రీడింగులూ కాగితం మీద రాసి పక్కపక్కన పెడితే తేడా ఉన్నది వెంటనే కనిపిస్తుంది.

ఓమ్స్ బాగున్నంత మాత్రాన సెన్సర్ పనిచేస్తున్నట్టు కాదు. మిగతా చక్రాలకు దిమ్మలు వేసి, గాలి నిండా ఎక్కించి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఆ ఒక్క చక్రాన్ని జాకీ మీద లేపి కింద స్టాండు పెట్టండి. దిమ్మలు లేకుండా ఈ పని చేయొద్దు, హ్యాండ్‌బ్రేక్ వదిలిన లారీ కదిలిందంటే ఆపేవాడుండడు. మీటరును ఏసీ వోల్టులకు మార్చి, రెండు సెకన్లకు ఒక చుట్టు వచ్చేలా చక్రాన్ని చేత్తో తిప్పండి. కనీసం 0.2 వోల్టు రావాలి. తక్కువ వస్తే గ్యాపు ఎక్కువ. ప్రతి చుట్టులోనూ ఒకే చోట పడిపోతుంటే రింగు వంకరగానో పన్ను విరిగో ఉంది, లేదా బేరింగు లూజు.

మీ బండిలో నా అనుమానమంతా గ్యాపు మీదే. ఈ సెన్సర్‌ను బోల్టుతో బిగించరు. స్ప్రింగు బుష్షు పట్టులో అది నిలబడుతుంది. లైనర్ల కోసం హబ్బు విప్పినప్పుడు సెన్సర్ వెనక్కి జరుగుతుంది, తిరిగి బిగించాక దాన్ని ముందుకు తోయడం మర్చిపోతారు. బొటనవేలితో, రింగును తాకేదాకా తోయాలి. సుత్తి వద్దు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తోయడం వద్దు. చక్రం తిరగగానే తనకు కావలసినంత దూరం రింగే దాన్ని వెనక్కి నెట్టి సరిచేస్తుంది. గ్యాపు ఒక మిల్లీమీటరు దాటితే సిగ్నల్ బలహీనపడుతుంది. సెన్సర్ వేలితోనే సులువుగా జారుతుంటే బుష్షు పట్టు పోయింది. కొత్త సెన్సర్‌ను పాత బుష్షులో వేస్తే పది కిలోమీటర్లకే మళ్ళీ లైటు వస్తుంది. బుష్షు ఖరీదు తక్కువే, సెన్సర్‌తోపాటు మార్చేయండి. సెన్సర్ మొనలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి డ్రమ్ము అరిగిన ఇనప రజను దానికి పట్టుకుంటుంది. గుడ్డతో తుడిచి, బుష్షు లోపల వేడికి నిలిచే గ్రీసు పల్చగా రాయండి. తోసినా రెండు రోజులకే మళ్ళీ జరిగిపోతుంటే హబ్బు ప్లే చూడాల్సిందే. బేరింగు లూజుగా ఉంటే మలుపు తిరిగిన ప్రతిసారీ హబ్బు ఊగి సెన్సర్‌ను వెనక్కి నెడుతుంది.

హబ్బు కొత్తదో సెకండ్‌హ్యాండ్‌దో వేశారేమో కూడా అడగండి. రింగు లేని హబ్బుగానీ, పళ్ళ సంఖ్య వేరే ఉన్న రింగుగానీ పడితే ఎన్ని సెన్సర్లు మార్చినా లైటు పోదు. పెద్ద లారీల్లో ఎక్కువగా 100 పళ్ళ రింగే ఉంటుంది, పాతదానికీ కొత్తదానికీ లెక్కపెట్టి సరిచూడండి.

తర్వాతది కప్లర్లు. మన తీరంలో ఉప్పుగాలి వైరింగును తినేస్తుంది. పోర్టు యార్డుల్లో నిలబడే బళ్ళకు, ఉప్పు లోడు వేసేవాటికి, రొయ్యల ట్రేల ఐసు నీళ్ళు చాసిస్ మీదికి కారే బళ్ళకు ఇది మరీ ఎక్కువ. కప్లర్ విప్పి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉందేమో చూడండి. ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, ఆరాక రబ్బరు సీలు సరిగ్గా కూర్చోబెట్టండి. సీలు చిట్లితే కప్లర్ మార్చడమే మేలు. టెస్ట్ ల్యాంపు సూదితో వైరును గుచ్చి చూడనివ్వద్దు. ఆ సన్నని బెజ్జంలోంచి నీరు దిగి రాగితీగను లోపల్లోపలే నల్లగా మార్చేస్తుంది, కొన్ని నెలలకు బయటికేమీ కనపడకుండానే వైరు తెగుతుంది. అతుకు పెట్టాల్సి వస్తే సోల్డర్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. ఇన్సులేషన్ టేపు వానాకాలం దాకా ఆగదు. సెన్సర్ రెండు వైర్లూ మెలివేసి ఉంటాయి, ఆ మెలి అలాగే ఉంచాలి. విప్పేస్తే పక్క వైర్ల కరెంటు సిగ్నల్‌లో కలిసి తప్పుడు ఫాల్టులు వస్తాయి. క్వారీ దారుల్లో రాళ్ళు తగిలి వైరు తెగకుండా యాక్సిల్ వెంబడి క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి.

కోడ్ మొదటి అంకె 2 వస్తేనే వాల్వుల దాకా పోండి. 24 వోల్టుల వాల్వు కాయిల్ సుమారు 11 నుంచి 21 ఓమ్స్ మధ్య చూపాలి. తాళం తిప్పగానే వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి టక్కుమంటాయి, మౌనంగా ఉన్నది తెలిసిపోతుంది. ఈసీయూకు 24 వోల్టులు అందుతున్నాయా, ఎర్తు దగ్గర తుప్పుందా అన్నవీ చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి, కోడ్ మొదటి అంకె 8 వస్తే అప్పుడు ఈసీయూ. చాసిస్ మీద ఎప్పుడు వెల్డింగ్ పెట్టినా ముందు బ్యాటరీ, ఈసీయూ కప్లర్లు తీయించండి.

అందాకా లైటుతో బండి నడపొచ్చా అంటే, మామూలు బ్రేకు పడుతుంది, ఏబీఎస్ మాత్రం పూర్తిగానో కొన్ని చక్రాలకో ఉండదు. పోర్టులో దింపి ఖాళీగా వచ్చేటప్పుడు, హైవే మీద వాన పడుతుంటే వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరిగే ప్రమాదం అప్పుడే ఎక్కువ. వేగం తగ్గించి, ముందు బండికి దూరం వదలండి. గాలి తక్కువ బజరు కూడా మోగితే అది వేరే సమస్య, బండి అక్కడే ఆపాలి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర పడిందని బల్బు మాత్రం పీకించకండి.

బ్లింక్ కోడ్, నాలుగు చక్రాల ఓమ్స్, ఏసీ వోల్టులు రాసి పెట్టండి. ఏ చక్రమో చెప్పడానికి అవి చాలు.