కోచ్‌ని వదిలేయండి, ముందు మీవారితో మాట్లాడండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి 11 ఏళ్లు. ఆరో ఏట నుంచి సాకర్ (మన ఫుట్‌బాల్) ఆడుతున్నాడు, డిఫెన్స్‌లో ఉంటాడు. ఈ సీజన్‌లో కోచ్ వాణ్ని సగం సేపు బెంచ్ మీదే కూర్చోబెడుతున్నాడు. అడిగితే ‘బంతి వచ్చినప్పుడు సొంతంగా ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు’ అన్నాడు. ఏడాదికి 3 వేల డాలర్లు కడుతున్నాం. మావారు ఒక్క మ్యాచ్ కూడా వదలరు. లైన్ బయట నిలబడి కాస్త గట్టిగా అరుస్తారు గానీ, వాడంటే ప్రాణం. బురద పట్టిన బూట్లు పాత టూత్‌బ్రష్‌తో ఆయనే కడుగుతారు. రెండేళ్ల కిందట ‘తలతో కొట్టు’ అని అరిస్తే వాడు కొట్టాడు, రెఫరీ అవతలి జట్టుకి ఫ్రీ కిక్ ఇచ్చారు. ఆ రోజు కూడా కారులో వాడికే చీవాట్లు పడ్డాయి. రాత్రి నేనే వెళ్లి ‘నాన్న నీ మంచికే చెప్పారురా’ అని సర్దిచెప్తుంటాను. ఈ మధ్య శనివారం పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. మొన్న శుక్రవారం ‘రేపు డాడీకి ఆన్‌కాల్ (ఆఫీసు పిలిస్తే పని చేయాల్సిన డ్యూటీ) ఉందా’ అని అడిగాడు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారేమో ‘మావాడికి నోరెక్కువ గానీ మనసు వెన్న, నువ్వే సర్దుకోవాలమ్మా’ అంటారు. కోచ్‌తో మాట్లాడమంటారా, క్లబ్ మార్చమంటారా?

జవాబు: అమ్మా, కోచ్‌తో మాట్లాడకండి. క్లబ్ మార్చకండి. మీరడిగినదానికి జవాబు ఇంతే. ఇక అడగనిదాని దగ్గరికి వద్దాం.

ముందు ఆ బెంచ్ సంగతి తేల్చేస్తాను, లేకపోతే మీ మనసు అక్కడే ఉంటుంది. మీ అబ్బాయి వయసు పిల్లలకి అక్కడ తొమ్మిది మంది ఆట. జట్టులో 16 మంది దాకా ఉండొచ్చు. ముప్పై నిమిషాల చొప్పున రెండు సగాలు. పిల్లల్ని మార్చి మార్చి దింపుతూనే ఉంటారు. సగం సేపు బయట కూర్చోవడం ఆ వయసులో శిక్షేమీ కాదు, అదొక మామూలు శనివారం. 3 వేల డాలర్లు కట్టాం కాబట్టి అరవై నిమిషాలూ ఆడించాలనుకుంటే అది మన లెక్కే గానీ ఆట లెక్క కాదు.

కోచ్ అన్న మాట మాత్రం నిజమే అయ్యుంటుంది. తేల్చుకోలేకపోతున్నాడు. ఎలా తేల్చుకుంటాడు? ఇప్పటి కోచ్‌లు వెనకనుంచి చిన్న పాస్‌లతో ఆట కట్టుకుంటూ రావడం నేర్పుతారు. బంతి దొరికితే గోల్‌కీపర్‌కో, పక్కవాడికో ఇవ్వమంటారు. మీవారు ఇవతల నిలబడి ‘కొట్టెయ్, గట్టిగా కొట్టెయ్’ అంటుంటారు. బంతి కాలి దగ్గరికి వచ్చిన క్షణంలో పిల్లవాడు తలెత్తి చూసేది ఎవరివైపు? ఈ శనివారం మీరు బంతిని చూడకండి, వాడి కళ్లను చూడండి. వాడు నాన్న వైపు చూసేలోపు అవతలివాడు బంతి లాక్కుపోతాడు. పెద్దవాళ్ల మాట వినాలని పెంచాం కదా, వింటున్నాడు పాపం. ఇద్దరు పెద్దవాళ్లు రెండు మాటలు చెబుతుంటే వాడేం చేస్తాడు?

తలతో కొట్టించిన సంగతి చదివి నాకు కోపమే వచ్చింది. పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు తలతో బంతి కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్య 2015లోనే ప్రకటించింది. మెదడుకి దెబ్బ తగులుతుందన్న భయంతో పెట్టిన నియమం అది. కావాలని కొడితే అవతలి జట్టుకి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ ఇస్తారు. అంటే తొమ్మిదేళ్ల పిల్లవాడు నాన్న చెప్పింది చేశాడు, జట్టు ముందు తప్పు చేసినవాడయ్యాడు, మళ్లీ ఆ నాన్న చేతే తిట్లు తిన్నాడు. ఆ రాత్రి కూడా మీరు వెళ్లి ‘నాన్న నీ మంచికే చెప్పారు’ అన్నారా? అనే ఉంటారు.

నన్ను కలవరపెట్టింది ఇదేనమ్మా. మీవారి నోరు కన్నా మీరు రాత్రిపూట చేస్తున్న వకాల్తా. పగలు ఆయన అరుస్తారు, రాత్రి మీరు ఆ అరుపుకి ప్రేమ అని పేరు పెట్టి వాడికి అప్పజెబుతారు. దాంతో పిల్లవాడికి కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోయింది. అమ్మ కూడా నాన్న మాటే సరైనదంటోంది కాబట్టి తప్పు తనలోనే ఉందనుకుంటాడు. కడుపునొప్పి అక్కణ్నుంచే వస్తోందని నాకనిపిస్తోంది. మిగతా ఇళ్లలో పిల్లలు నాన్నకి రేపు పనుందా అని అడిగితే, లేదంటే బాగుండునని అడుగుతారు. మీవాడు ఉంటే బాగుండునని అడిగాడు. ఆ సంగతి మీకూ తెలుసు. తెలిసే ఆ మాటని ఉత్తరం చివర్లో, అత్తగారి మాటకి ముందు, ఎక్కడో దాచి రాశారు.

అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ కూడా మీ మామగారి కోపాన్ని మీవారికి ఇలాగే సర్దిచెప్పి ఉంటారు. కావాలంటే ఒక సాయంత్రం టీ తాగుతూ అడిగి చూడండి. సర్దుకోవడం తెలిసిన ఆడవాళ్ల చేతుల మీదుగానే కోపం ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తుందని నా నమ్మకం. భర్త గుట్టు నలుగురిలో కాపాడటం ఒకటి, కాపాడండి. అక్కడి తెలుగువాళ్లందరి ముందు, మైదానంలో ఆయన్ని ఒక్క మాట అనొద్దు. అది ఆయన మర్యాదే కాదు, మీ మర్యాద కూడా. కానీ ఇంట్లో, గది తలుపు వేశాక, భార్య మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? పన్నెండేళ్లకి పైగా కాపురం చేసినవారు, ఆ మాత్రం హక్కు మీకు లేదా?

మ్యాచ్ ఉన్న రోజు వద్దు, ఓడిన రోజు అసలే వద్దు. మంగళవారమో బుధవారమో పిల్లవాడు పడుకున్నాక కూర్చోబెట్టి, ‘వాడు మీకు ఆన్‌కాల్ ఉందా అని అడిగాడు’ అని ఆ ఒక్క మాటా చెప్పి ఆగండి. వివరించొద్దు. మెత్తబరచి చెప్పొద్దు. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, ‘ఇదంతా ఎవరికోసం చేస్తున్నాను’ అని మీ మీదే విరుచుకుపడొచ్చు. పడనివ్వండి. రాత్రిపూట పాత టూత్‌బ్రష్‌తో కొడుకు బూట్లు కడిగే మనిషి ఆ మాట విని నిద్రపోలేడు. ఒకవేళ ఆ కోపం మాట దాటి చేతిదాకా వచ్చే ఇల్లయితే మాత్రం అది వేరే సమస్య. వెంటనే దగ్గరివాళ్లకి చెప్పండి, నాకూ మళ్లీ రాయండి.

‘మరి తండ్రిగా నేనేం చేయాలి’ అంటారు కదా. చేయాల్సింది చాలా ఉంది. దించడం, తీసుకురావడం, నీళ్లు, రెండు జట్లకీ చప్పట్లు. కారెక్కాక ‘ఏం తిందాం’ అని అడగడం. మ్యాచ్ గురించి వాడు ఎత్తితే వినడం, ఎత్తకపోతే ఊరుకోవడం. మనవైపు చరిత్రే చూడండి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడాడు, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఇంట్లో పేదరికం. హైదరాబాద్ వెళ్లి ఆడటానికి చేతిలో డబ్బులు లేవంటే, కోచ్ రహీం అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రమ్మన్నారని చెబుతారు. పిల్లవాణ్ని మైదానం దాకా చేర్చే పని పెద్దవాళ్లది. ఆ పని మీవారు రహీం కంటే ఎక్కువే చేస్తున్నారు, దానికి మీవారిని మెచ్చుకోండి కూడా. గీత దాటాక ఆట పిల్లవాడిది.

అరవకుండా ఉండలేనంటే ఒక లాలీపాప్ చేతిలో పెట్టండి. నవ్వులాటకి అనడం లేదు. అక్కడ కొన్ని లీగ్‌ల్లో ఒక వారాంతం ‘సైలెంట్’ మ్యాచ్‌లని పెట్టి, తల్లిదండ్రులెవరూ నోరెత్తకుండా నిజంగానే లాలీపాప్‌లు పంచుతారు. అదీ కుదరకపోతే ఆయన్ని గ్రాస్‌రూట్స్ రెఫరీ కోర్సులో (కొత్తగా రెఫరీ అయ్యేవాళ్ల కోసం పెట్టిన శిక్షణ) చేరమనండి. పెద్దవాళ్లెవరైనా చేరవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లల మ్యాచ్‌కి విజిల్ పట్టుకుని నిలబడి, బయటనుంచి పది మంది నాన్నలు అరుస్తుంటే ఆయనే వింటారు.

ఇక మీరు. ఈ శనివారం రాత్రి వాడి గదిలోకి వెళ్తే నాన్న ఊసెత్తకండి. వాడు ‘డాడీ ఎందుకలా అరుస్తాడు’ అని అడిగితే, ‘నాకూ నచ్చలేదురా, నాన్నతో మాట్లాడాను’ అనండి. అది అబద్ధం కాకుండా ఉండాలంటే బుధవారంలోపు మాట్లాడి తీరాలి.

క్లబ్ సంగతంటారా, ట్రైఅవుట్స్, అంటే జట్టు ఎంపికలు, ఎలాగూ వస్తాయి. అప్పుడు వాడినే అడగండి, ఉంటావా, మారతావా, కొన్నాళ్లు మానేస్తావా అని. మూడో మాట అడిగేటప్పుడు మీ ముఖంలో బాధ కనబడనివ్వకండి. కోచ్‌కి పంపాలని రాసి పెట్టుకున్న మెయిల్ ఏదైనా ఉంటే ఈ రాత్రికే తీసేయండి.