నడవమని చెప్పడం కూడా నేర్చుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మెడిసిన్ విద్యార్థులవే ఎక్కువ, అందులోనూ వ్యాయామం గురించి రోగులకు ఎలా చెప్పాలన్నవే. అందుకని అలాంటివన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నేను మెడిసిన్ మూడో సంవత్సరం. ఓపీలో మా సీనియర్లు షుగర్, బీపీ పేషెంట్లందరికీ మందులు రాస్తూ, తలెత్తకుండానే ‘రోజూ వాకింగ్ చేయండి’ అంటారు. వాళ్లు తలూపి వెళ్లిపోతారు, మళ్లీ నెలకి అదే బరువుతో, అదే షుగర్‌తో వస్తారు. నేనన్నా సరిగ్గా చెబుదామని ఒక పెద్దావిడకి వారానికి ఎన్ని నిమిషాలు నడవాలి, దానివల్ల ఏమేం లాభాలు అని ఓపిగ్గా వివరిస్తే, ‘చూద్దాంలే బాబూ’ అని నవ్వేసి వెళ్లిపోయింది. ఎలా చెబితే వింటారు సార్? మాకిది ఎవరూ నేర్పలేదు.

జవాబు: ఆవిడ నవ్వి ఊరుకుంది, అదే నయం. ‘అలాగే అలాగే’ అనేవాళ్లతోనే అసలు చిక్కు, మీ పని అయిపోయిందనుకుంటారు మీరు. మీ ఉత్తరంలో మీరేం చెప్పారో అంతా ఉంది, ఆవిడ చెప్పింది మాత్రం ఒక్క ముక్కే. నడక మంచిదని తెలియని పేషెంటు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, కాబట్టి ఆ లాభాల చిట్టా కాసేపు పక్కన పెట్టి ముందు అడగండి.

మొదట రెండే ప్రశ్నలు. వారంలో సగటున ఎన్ని రోజులు గబగబా నడిచినంత శ్రమ చేస్తారు? చేసిన రోజు ఎన్ని నిమిషాలు? రెండూ గుణిస్తే వారానికి ఎన్ని నిమిషాలో తేలిపోతుంది, దాన్ని బీపీ పక్కనే కేస్ షీట్‌లో రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలి, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం. 65 దాటినవాళ్లు తూలి పడిపోకుండా నిలకడనిచ్చేవి కూడా వారానికి మూడు రోజులు చేయాలి. ఇవన్నీ మీకు నోటికొచ్చే ఉంటాయి. కానీ సున్నా దగ్గర ఉన్న మనిషికి 150 అనగానే గుండె జారిపోతుంది. అసలేమీ చేయకపోవడం కంటే ఎంతో కొంత మేలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది, ఒక్క విడతలో పది నిమిషాలన్నా చేయాలన్న పాత షరతును కూడా అందులోనే ఎత్తేశారు. ఇది ఇంకా చాలామంది డాక్టర్ల చెవికెక్కినట్టు లేదు.

తర్వాత అడ్డేమిటో తెలుసుకోవాలి. మీ పెద్దావిడే ‘మోకాళ్ల నొప్పులు బాబూ, నడవలేను’ అందనుకోండి. వెంటనే ‘బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందమ్మా’ అనాలనిపిస్తుంది. అది నిజమే, కానీ అనగానే వాదన మొదలవుతుంది, ఎందుకు కుదరదో ఆవిడ ఒక్కొక్కటీ బయటికి తీస్తుంది. అలాకాకుండా ఇలా సాగితే చూడండి:

‘నడిస్తే నొప్పి ఇంకా పెరుగుతుందేమోనని భయమా అమ్మా? ఏ వేళలో కాస్త తేలిగ్గా ఉంటుంది?’

‘పొద్దున లేచిన కాసేపటికి ఆ బిగుసుదనం పోతుంది, అప్పుడు బాగానే తిరుగుతాను.’

‘ఆ వేళలో కొంచెం నడవగలననే నమ్మకం మీకు పదికి ఎంత ఉందంటారు?’

‘ఒక నాలుగు వేసుకో బాబూ.’

‘రెండు అనకుండా నాలుగు ఎందుకన్నారు?’

‘నిరుడు మనవణ్ణి బడికి దింపడానికి రోజూ నడిచేదాన్నిగా, అప్పుడింత నొప్పి కూడా లేదు.’

ఇక్కడ మీరు నోరు మూసుకోవాలి. ఆవిడ తనకు తానే కారణం చెప్పుకుంది, మీరిప్పుడు పుస్తకంలోది ఎత్తుకుంటే అది కాస్తా పోతుంది. ‘పది ఎందుకు కాదు’ అని అడిగి ఉంటే సాకులు వచ్చేవి, ‘రెండు ఎందుకు కాదు’ అన్నారు కాబట్టి కారణాలు వచ్చాయి. ఈ తరహా సంభాషణని విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో తాగుడు మానలేనివాళ్ల కోసం ప్రతిపాదించారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించారు. ఆ తర్వాత ఆవిడ ఒప్పుకున్నదే, ఆవిడ మాటల్లోనే చీటీ మీద రాయండి. వారంలో నాలుగు రోజులు పొద్దుటిపూట, ఇంటి ముందే, ఐదేసి నిమిషాలు. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేయండి, వచ్చినప్పుడు మందుల కంటే ముందు దాని గురించి అడగండి. అడగడం, సలహా ఇవ్వడం, ఒప్పందానికి రావడం, సాయపడటం, మళ్లీ పలకరించడం అని ఐదు మెట్లుగా దీన్ని నేర్పుతారు. ఓపీల్లో జరిగేది రెండోది ఒక్కటే, అదీ పెన్ను కదులుతుండగా.

ప్రశ్న: మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతాను. టైమ్ టేబుల్‌లో ఊపిరి పీల్చే సందు లేదు, వ్యాయామ కౌన్సెలింగ్ ఒకటి కొత్తగా ఎక్కడ ఇరికించమంటారు? ఫిజియాలజీలో వ్యాయామం మీద క్లాసులు ఎలాగూ ఉన్నాయి. పైగా పిల్లలకి ఇది నిజమైన వైద్యంలా అనిపించదు.

జవాబు: నిజమైన వైద్యం అనిపించాలంటే వాళ్లకి డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి చెప్పండి. అమెరికాలో షుగర్ వచ్చే ముప్పున్న మూడు వేల మందికి పైగా తీసుకుని చేసిన ఈ అధ్యయనం 2002లో వెలువడింది. డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మింగినవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గితే, వారానికి 150 నిమిషాల శ్రమ, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో 58 శాతం తగ్గింది. అంకె విని అందరూ ఆహా అంటారు, నేను మాత్రం ఇందులో వేరే సంగతి దగ్గర ఆగిపోతాను. మాత్రలు మింగినవాళ్లకు కూడా తిండి, వ్యాయామం గురించి కాగితం ఇచ్చారు, ఏడాదికోసారి అరగంట వరకూ కూర్చోబెట్టి చెప్పారు కూడా. 58 శాతం వచ్చిన బృందానికి మాత్రం ఒక్కొక్కరికీ ఒక కోచ్, 16 పాఠాలు, ఆ తర్వాత కూడా నెలనెలా పలకరింపులు. మంచి మాట ఇద్దరికీ చెప్పారు, వెంట ఉన్నది ఒకరికే. మన ఓపీలో ఇచ్చేది ఆ కాగితమంత కూడా ఉండదు.

కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. క్లినికల్ పోస్టింగ్‌లో వారానికి ఒక గంట చాలు. పిల్లల్ని ముగ్గురేసి చేయండి, ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు, మూడోవాళ్లు గడియారం పట్టుకుని చూసేవాళ్లు. చూసేవాళ్ల పని మార్కులు వేయడం కాదు, ఎవరు ఎంతసేపు మాట్లాడారో, పేషెంటు మాటకి ఎక్కడ అడ్డుపడ్డారో రాసుకోవడం. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదుల్లో టేపులు పెట్టి చూస్తే, పేషెంటు తన బాధ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అందుకునేవాడట. మీ పిల్లలు దానికంటే ఎక్కువసేపు ఆగితే సంతోషించండి. పేషెంటు వేషం వేసేవాళ్లకి మాత్రం ఒక రహస్యం చీటీలో రాసివ్వండి, ‘మెట్లెక్కితే గుండె దడగా ఉంటోంది, అడిగితేనే చెప్పాలి’ లాంటిది. సగంమంది డాక్టర్లు అది బయటికి రాకుండానే వ్యాయామం రాసేస్తారు, ఆ గదిలో అందరికీ ఒకేసారి టెన్షన్ పుడుతుంది. మీరు పది నిమిషాలు ఉపన్యసించినా రాని జాగ్రత్త అక్కడ వస్తుంది.

ఇక పరీక్షలో లేనిది పిల్లలు చదవరు, మీకు తెలియంది కాదు. విద్యార్థి ఒక్కో స్టేషన్ దగ్గర ఆగి ఒక్కో పని చేసి చూపించే ఓస్కీ పరీక్ష, 1975లో రొనాల్డ్ హార్డెన్ స్కాట్లండ్‌లోని డండీలో మొదలుపెట్టింది, మీ దగ్గరా ఉండే ఉంటుంది, అందులో ఒక స్టేషన్ దీనికివ్వండి. లాభాలెన్ని చెప్పారన్నదానికి మార్కులు వద్దు. నిమిషాలు అడిగారా, అడ్డు కనుక్కున్నారా, చివరికి కుదిరిన ఒప్పందం పేషెంటు నోటి వెంట వచ్చిందా, వీటికి వేయండి.

ప్రశ్న: నేను చెప్పానని నడిచి ఎవరికైనా గుండెపోటు వస్తే? ఈ భయంతో అసలు ఆ ఊసే ఎత్తడం మానేశాను.

జవాబు: భయం మంచిదే, మానేయడం మంచిది కాదు. శ్రమ చేస్తే ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా, కూర్చున్నా ఆయాసం వస్తుందా, గుండె దడదడలాడుతుందా అని ముందు అడగండి. దేనికి అవునన్నా ఆ రోజుకి వ్యాయామం సంగతి ఆపి సీనియర్‌కి చెప్పండి, అది మీరు ఒక్కరే తేల్చేది కాదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి షుగర్ పడిపోవచ్చు, దగ్గర ఏదైనా తీపి ఉంచుకోమనాలి. పాదాలు మొద్దుబారినవాళ్లు చెప్పులు సరిచూసుకోవాలి, నడిచొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. షుగర్ వల్ల రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో నాడి లెక్క నమ్మడానికి లేదు, వాళ్లకే కాదు అందరికీ సులువైన కొలత ఒకటుంది, నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఇవి పోను మిగిలినవాళ్లు, అంటే ఎక్కువమంది, తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే పెద్దగా భయపడాల్సింది లేదు. కదలకుండా కూర్చోబెట్టడం కూడా క్షేమం కాదు కదా.

ప్రశ్న: నేనే వ్యాయామం చేయను. పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని చదువే. రోగికి ఏ ముఖంతో చెప్పను?

జవాబు: తాము చేసే డాక్టర్లే పేషెంట్లకీ ఎక్కువగా చెబుతారని పరిశోధనల్లో తేలిన మాట నిజమే. కానీ మీకు కుదిరేదాకా మీ పేషెంటు ఆగలేడు. మీకు మీరే ఒక చీటీ రాసుకుని కొన్ని వారాలు పాటించి చూడండి, ఏ రోజు ఎందుకు తప్పిందో రాసుకోండి. ఆ కారణాల్లో చాలావరకు రేపు పేషెంటు నోట వింటారు. మీ కథ మాత్రం వాళ్లకి వినిపించకండి, అక్కడికి వాళ్లు తమ కథ చెప్పుకోవడానికి వచ్చారు.

ప్రశ్న: ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ నా నడక గురించి ఇరవై ప్రశ్నలు వేసింది. విద్యార్థిని అట. మా మీద ప్రాక్టీస్ చేస్తున్నారా?

జవాబు: చేస్తున్నారు, ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. అయితే ఓపీలో పెద్ద డాక్టరుకు మీతో అంతసేపు కూర్చునే తీరిక దొరకదు, ఆ అమ్మాయికి ఉంది. ఈసారి కలిస్తే మీకు నిజంగా కుదిరేది ఎంతో చెప్పి, అదే కాగితం మీద రాసివ్వమనండి, పెద్ద డాక్టరుకి కూడా చూపించమనండి.