పాత గేమ్ సర్వర్ మూసేస్తున్నారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. రెండేళ్ల కిందట మా అబ్బాయి పోరు పడలేక నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక షాపులో ఫుట్‌బాల్ గేమ్ డిస్క్ 4,499 రూపాయలకు కొన్నాను. ఆరు నెలలకే అది ఆన్‌లైన్‌లో 1,199కి వచ్చింది. ఏటా కొత్త ఎడిషన్, మళ్లీ అదే ధర. జట్లు, జెర్సీలు తప్ప పెద్దగా మారేదేమీ లేదని వాడే అంటాడు. ఇప్పుడు మా పాత గేమ్‌ను ఆన్‌లైన్‌లో నడిపే కంపెనీ సర్వర్లు డిసెంబరులో మూసేస్తారట. వేసవిలో ఆటలోని కాయిన్లకు నా ఫోన్ నుంచి కట్టిన 3,000 కూడా పోయినట్టే. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: ముందు ధర సంగతి. అందులో కేసు లేదు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఎమ్మార్పీకి అమ్మి తర్వాత తగ్గించడాన్ని ఏ చట్టమూ ఆపదు. మందుల్లా ప్రభుత్వం ధర కట్టే సరుకు కాదిది.

ఉగాది ముందు పంచాంగం కొనేవాళ్లు బేరమాడరు. దసరా నాటికి సగానికిస్తామన్నా తీసుకునేవాళ్లుండరు. ఈ ఆటల లెక్కా అంతే. ఫుట్‌బాల్ సీజన్ ఊపు మీదున్నప్పుడు ఆగలేనివాళ్ల దగ్గర పూర్తి ధర రాబడతారు, ఆగినవాళ్ల కోసం తర్వాత దించుతారు. కంపెనీకి పెద్ద పోటీ తన నిరుటి డిస్కే. దాన్ని పాతబడేలా చేస్తేనే కొత్తది కదులుతుంది.

వేరే పోటీ ఉంటే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. 2004లో సెగా అనే గేమ్ కంపెనీ తన అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్‌ను 20 డాలర్లకే తెచ్చింది. దాంతో 50 డాలర్ల దగ్గరున్న ఈఏ కంపెనీ మ్యాడెన్ గేమ్ 30కి దిగింది. ఆ డిసెంబరులో ఈఏ అక్కడి ఫుట్‌బాల్ లీగ్ జట్లు, ఆటగాళ్ల పేర్లను గేముల్లో వాడే హక్కులు తనకొక్కదానికే రాయించుకుంది. మరుసటేడు ధర మళ్లీ 50కి చేరింది. కొన్నవాళ్లు 2008లో దావా వేస్తే 2012లో 2.7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అక్కడా వాళ్లు పట్టుకున్న పాయింటు పోటీని లేకుండా చేశారని. మన దగ్గర అలాంటిది ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ చూస్తుంది. ఒక్క డిస్క్ బిల్లుతో అక్కడిదాకా వెళ్లమని నేను చెప్పను.

మీ కేసులో ప్రాణమున్నది ఆ 3,000లోనే. నిరుటి పంచాంగం ఎవరూ కొనకపోవచ్చు గానీ, మీ ఇంట్లో ఉన్నదాని అక్షరాలు ఎవరూ వచ్చి చెరిపేయరు కదా! డిస్క్ అట్ట వెనక భూతద్దం పెట్టి చదవండి. ఆన్‌లైన్ సదుపాయాలు ఎప్పుడైనా ఆపేస్తామని సాధారణంగా అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఉంటే సర్వర్ మూసివేత మీద మీ వాదన బలహీనమే. కాయిన్ల సంగతి వేరు. వాళ్లు మూసేయాలని నిర్ణయించిన తేదీ ముందా, మీరు డబ్బు కట్టిన తేదీ ముందా? మూసేస్తామని తెలిసీ చెప్పకుండా కాయిన్లు అమ్మారని చూపగలిగితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి అని గట్టిగా వాదించొచ్చు.

ఇంకొకటి. యూపీఐ పిన్ ఎవరు కొట్టారు? మైనరుతో ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకు పై కోర్టు, తేల్చింది. కానీ ఫోన్ మీది, పిన్ మీరే కొట్టారంటే ఆ మాట ఎత్తకండి. అవతలి లాయరు మొదట అడిగేది అదే.

కంపెనీ ఎక్కడున్నా, మీరుండే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు. లాయరు తప్పనిసరి కాదు, 3,000 కోసం నాకు ఫీజిస్తే మీకు మిగిలేదీ ఉండదు. దానికంటే ముందు కాయిన్లు అమ్మిన ఆన్‌లైన్ స్టోర్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పి, నెలలో పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

సర్వర్ మూసేలోపే, మూసేస్తామని వాళ్లు పెట్టిన మెసేజ్, కాయిన్ల నిల్వ, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు వేయించండి. ట్రంకు రోడ్డు షాపాయన్ను మాత్రం ఇందులోకి లాగకండి, ఆయన అమ్మింది సీలు తీయని డిస్క్.