పెద్ద సంఖ్యను విప్పి చూడాలంటే

తల్లీ,

12,34,56,789 గుణాలేమిటో తేల్చాలని కూర్చున్నావట, చాలా సంతోషం. తొమ్మిది అంకెలున్నాయని టెన్షన్ పడకు. ముందు ప్రధాన కారణాంకాలు పట్టుకో, మిగతావన్నీ వాటిలోంచే వస్తాయి. కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుంది, నిజమే. అయినా ఒక్కసారి కాగితం మీద చెయ్యి. ఆ సంఖ్య నీకు అప్పుడే పరిచయమవుతుంది.

చివరి అంకె 9 కాబట్టి 2, 5 లతో పనిలేదు. అంకెలన్నీ కూడితే 45, అంటే 9 తో శేషం లేకుండా పోతుంది. భాగిస్తే 1,37,17,421. దీని అంకెల మొత్తం 26, ఇక 3 తో పోదు.

తర్వాత 7, 11, 13. వీటి లబ్ధం 1001 కాబట్టి మూడింటినీ ఒకే దెబ్బకు చూడొచ్చు. మొదటి సంఖ్యనే కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టు. మనం లక్షలకు, కోట్లకు పెట్టే కామాలను ఇక్కడ పట్టించుకోకు. 789 లోంచి 456 తీసి 123 కలిపితే మళ్ళీ 456. అది ఆ మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి మన సంఖ్యా పోదు.

ఇక్కడే చాలామంది విసిగిపోతారు. 17, 19, 23 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే దాదాపు ఐదు వందల ప్రధాన సంఖ్యలు దాటాక గానీ జవాబు దొరకదు. అందుకే 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చూపిన దారి పట్టు. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు చేతికొచ్చినట్టే: ఆ రెండు వర్గమూలాల తేడా ఒకటి, మొత్తం ఇంకొకటి. 1,37,17,421 వర్గమూలం 3703 కన్నా కాస్త ఎక్కువ. 3704 వర్గంలోంచి మన సంఖ్యను తీసేస్తే 2195, అది వర్గం కాదు. 3705 తో చూడు: 9604 మిగులుతుంది. అది 98 వర్గం! అంటే 3705 లోంచి 98 తీస్తే 3607, కలిపితే 3803. ఎంత అందంగా విడిపోయిందో చూశావా? కారణాంకాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటేనే ఈ పద్ధతి ఇంత త్వరగా పనిచేస్తుంది. దూరంగా ఉంటే బాగా సాగదీస్తుంది.

ఈ రెండూ ప్రధాన సంఖ్యలే. నా మాట మీద నమ్మకు, 61 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూసుకో. సరిచూడకుండా నమ్మడం పెద్దవాళ్ళకీ చేటు చేసింది. 2 ను 32వ ఘాతానికి పెంచి 1 కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు దాన్ని 641 తో భాగించి చూపించాడు.

ఇక మిగతాది తేలిక. 3 రెండుసార్లు, 3607, 3803 ఒక్కోసారి ఉన్నాయి. ఒక్కోటి ఎన్నిసార్లు ఉందో దానికి 1 కలిపి గుణిస్తే భాజకాలు 3×2×2, మొత్తం 12. వాటన్నిటి మొత్తం (1+3+9)×(1+3607)×(1+3803), అంటే 13×3608×3804, అంటే 17,84,22,816. అందులోంచి సంఖ్యనే తీసేస్తే 5,49,66,027 మిగులుతుంది. తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం తనతో సమానమైతేనే పరిపూర్ణ సంఖ్య అంటారు; ఇక్కడ తన కన్నా తక్కువే, కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య కాదు.

ఒకటి నీకే వదిలేస్తున్నాను. ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. ఎందుకో ఆలోచించు. 3607 ను 4 తో భాగిస్తే ఎంత మిగులుతుందో, అక్కడ మొదలుపెట్టు. చేసిన కాగితాలు నాకు పంపు, కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో,
తాతయ్య